సుబేదారు మెడమీద గీత

మద్రాసు,
6-1-1958

అక్కా,

సలాం. బావకూ పిల్లలకూ నా మాటగా చెప్పు. పదకొండు నెలల తరువాత ఇప్పుడు గుర్తొచ్చానా అని తిట్టడానికి పూనుకోకు. తిట్లన్నీ ఉత్తరం చివరికి దాచుకో, ముందు పని విను.

మార్చి పదిహేనున ఇక్కడ నా చిత్రాల ప్రదర్శన పెడుతున్నారు. పద్దెనిమిదేళ్ల పని ఒకేచోట. పెద్ద హాలు, అచ్చు వేసిన పుస్తకం, పెద్ద మనుషుల ఉపన్యాసాలు. ఇంత గౌరవం జరుగుతుంటే ఒక మహానుభావుడు పత్రికలో ఏం రాశాడో చూడు: "కమాల్ బాషాకు రంగు పూయడం వచ్చు. బొమ్మ గీయడం రాదు. రాదు కనుకనే పూస్తున్నాడు." నాకు నాలుగు రోజులు అన్నం సయించలేదు. మనుషులు కనిపించేది నా మొహం చూసి నవ్వడానికేనేమో అనిపిస్తోంది.

దీనికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే. నీ పెళ్లికి నేనిచ్చిన కౌజుపిట్ట బొమ్మ. జమ్మలమడుగులో ఆదినారాయణ మామ బోర్డులు రాసే షెడ్డులో కూర్చొని, ఆయన మిగిల్చిన రంగులతో, టీ పెట్టె చెక్క మీద వేసింది. మేకుకు తలకిందులుగా వేలాడే పిట్ట. ఈకలు ఒక్కొక్కటి ఏరుకోవచ్చు, అంత నిజంగా ఉంటుంది. పదిహేడేళ్ల వయసులో అలా గీసినవాడికి గీత రాదంటారా? దాన్ని హాలులోకి అడుగు పెట్టగానే కనబడేట్టు పెట్టిస్తాను. ఆ మహానుభావుడు దాని ముందు నుంచే నడిచిపోవాలి.

కాబట్టి వెంటనే పంపు. దీంతో పాటు వారపత్రిక ముక్క కత్తిరించి పెడుతున్నాను. నాతో మాట్లాడి రాశారు. ఆ బొమ్మ కథ కూడా అందులో ఉంది. చదివి సంతోషించు.

తమ్ముడు,
బాషా


ప్రొద్దుటూరు,
15-1-1958

తమ్ముడు బాషాకు, హజరా సలాం, దువా.

తిట్లు చివరికి దాచుకోమన్నావు. ఈ ఇన్‌లాండు కవరులో చివర అంత చోటుండదు. అందుకని ఇక్కడే మొదలుపెడుతున్నాను.

నువ్వు పంపిన ముక్క చదివి సంతోషించాను. ఎంత సంతోషించానంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. "పెంపుడు కౌజును ఉంచిన పంజరపు తలుపు వేయడం అక్కగారు మరచిపోగా, పిల్లి దానిని చంపివేసింది. ఆ దుఃఖంలో బాలుడైన చిత్రకారుడు కుంచె పట్టాడు." అక్కగారు! నన్ను ఎప్పుడైనా అక్కగారు అన్నావురా? తప్పు నా నెత్తిన రుద్దడానికి మాత్రం గారు తగిలించావు.

ఆ పత్రిక మా స్కూలుకు కూడా వస్తుంది. నాతో పనిచేసే శ్యామలమ్మ టీచరు అందరి ముందూ చదివి, "ఏం హజరమ్మా, ఆ తలుపు మర్చిపోయింది నువ్వేనంటనే?" అంది. మొన్నటి నుంచి నేను క్లాసు గది మూసి వస్తే, ఆమె వెనకాలే పోయి గడియ లాగి చూసి నవ్వుతోంది. ఆమెకది వేళాకోళం. నాకు కాదు.

పద్దెనిమిదేళ్ల కిందటి సంగతి నీకంత బాగా గుర్తుందా బాషా? ఒకసారి స్థిమితంగా కూర్చొని ఆలోచించు. ఆ పిట్ట ఎట్లా చచ్చిందో ఆలోచించి నాకు రాయి. పత్రికకు వద్దు, నాకు.

ఇక బొమ్మ. అది నా దగ్గర లేదు. నాయన చనిపోయిన ఏడు మన సైదున్నీసా అత్త పులివెందులకు పట్టుకుపోయింది. ముందు గదిలో, వచ్చేవాళ్లకు ఎదురుగా తగిలించుకుంది. అడిగి చూస్తాను. ఇస్తుందన్న నమ్మకం పెట్టుకోకు.

నువ్వు జవాబు రాసేది దేనికో నాకు తెలుసు. నేను అడిగింది దేనికో నువ్వు కూడా తెలుసుకో.

హజరా


మద్రాసు,
22-1-1958

అక్కా,

నేను బొమ్మ పంపమంటే నువ్వు పాలు పొంగాయని రాస్తావు. నేనేం చేసేది?

పిల్లి సంగతి పత్రికవాడు రెండు మాటలు ఎక్కువ చేసి రాశాడు, నిజమే. వాళ్లు అంతే. అయినా చిన్నప్పటి సంగతి, ఎవరు మరిచిపోతే ఏమైంది? నిన్ను ఉరి తీయమన్నానా? శ్యామలమ్మగారికి పని లేకపోతే ఇంకో పంతులమ్మ తలుపు చూసుకోమను.

నన్ను ఆశ్చర్యపరిచింది అత్త సంగతి. బొమ్మలున్న క్యాలెండరు ఇంట్లోకి వస్తే చించి పొయ్యిలో పెట్టే మనిషి! ప్రాణమున్నదాన్ని గీయడం పాపమని నా చెవి మెలిపెట్టి, నా బొగ్గుముక్కలు కాలువలో పారేసిన మనిషి! ఆమె నా పిట్టను ముందు గదిలో తగిలించుకుందా? రాత్రంతా అదే ఆలోచించి నవ్వుకున్నాను. నిజమైన కళ ముందు ఎంతటి పట్టుదలైనా కరగవలసిందే. ఈ సంగతి ప్రదర్శన పుస్తకంలో వేయమని చెప్పాను. "నిష్ఠ గల ఒక పల్లె ఇల్లాలు తన ఇంటి గోడమీద పదేళ్లు నిలుపుకున్న చిత్రం" అని అచ్చుకు పోయింది.

ఇప్పుడది రాకపోతే నా పరువేం కావాలి? అత్తకు చీర పెడతానని చెప్పు. కాళ్లు పట్టుకో. చెక్కను రెండు దుప్పట్ల మధ్య పెట్టి, మూలలకు దూది కుక్కి, పైన గోనె చుట్టాలి. దూది ఏకేవాళ్ల ఆడపడుచువు, దూది ఎట్లా కుక్కాలో నేను నీకు చెప్పనక్కర్లేదు.

బాషా


పులివెందుల,
10-2-1958

తమ్ముడు బాషాకు,

రెండు రోజులు సెలవు పెట్టి, బస్సులో నడుము విరగ్గొట్టుకొని అత్త ఇంటికి వచ్చాను. ఈ ఉత్తరం ఆ బొమ్మ పక్కనే కూర్చొని రాస్తున్నాను.

కళ ముందు అత్త కరిగిందని నువ్వు రాసిన ముక్క ఆమెకు చదివి వినిపించాను. ఆకు నములుతున్నది కాస్తా ఆపి, "యాడ కరిగినాను? వానికేం తెలుసు? వాని మొగం చూసి పెట్టుకున్యానా దీన్ని?" అంది. ఎందుకు పెట్టుకుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. బొమ్మ చేతికొచ్చినప్పుడు నువ్వు కళ్లు తెరిచి చూస్తే నీకూ తెలుస్తుంది. చీర వద్దంది. "మళ్లా నా గోడకు రావాల. అదొక్కటే" అంది. నేను ఒట్టేసి తీసుకున్నాను. ఒట్టు నాది, జాగ్రత్త నీది.

బొమ్మ దింపుతుంటే మన సుబేదారు మీద ధ్యాస పోయింది. ఆ పేరు నాయనే పెట్టాడు, రొమ్ము విరుచుకొని నడిచేదని. అది ఉత్త పెంపుడు పిట్ట కాదు, దీమం పిట్ట. శుక్రవారం నమాజు అయ్యాక నాయన దాన్ని పంజరంతో పెన్నా దాటించి చేలల్లో పెట్టేవాడు. అది 'కటీతర్ కటీతర్' అని కూస్తే అడవి కౌజులు పోట్లాటకొచ్చి ఉచ్చుల్లో పడేవి. దూది ఏకి తెచ్చేది గంజికి సరిపోతే, సుబేదారు తెచ్చేది కూరకు సరిపోయేది. ఆరేళ్లు మనకు కూర పెట్టింది అది.

పట్టిన పిట్టను నాయన ఎట్లా కోసేవాడో గుర్తుందా? దానికి నీళ్లు తాగించి, బిస్మిల్లా అని, ఒక్క చేతితో ఒక్కసారి. పక్కింటివాళ్ల అబ్బాయి సగం కోసి భయపడి చెయ్యి తీస్తే నాయన వానిని ఎంత తిట్టాడని! "పట్టినోడే ముగించాల. సగంలో చెయ్యి తీసేది పాపంరా" అనేవాడు.

అట్లాంటి మనిషి సుబేదారు పోయాక నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ రోజు నుంచి నేను తలుపు గడియ వేస్తే ఆయన లేచి పోయి మళ్లీ లాగి చూసేవాడు. నా పెళ్లయ్యాక ప్రొద్దుటూరు వచ్చినా అంతే. నా ఇంట్లో, నేను వేసిన గడియ. బావ చూస్తుండగానే. నేను ఆ రోజు పంజరం నిజంగా మూయలేదేమో అని నాకే అనుమానం పట్టుకుంది. కొక్కెం పెట్టినట్టు చేతికి గుర్తుండేది, మనసు కాదనేది. ఇప్పటికీ గడియ వేసి నాలుగడుగులు పోయి వెనక్కొచ్చి చూస్తాను. పిల్లలు నవ్వుతారు.

అందుకే మళ్లీ అడుగుతున్నాను. ఆ పిట్ట ఎట్లా చచ్చింది బాషా?

హజరా


మద్రాసు,
15-2-1958

అక్కా,

ప్రదర్శనకు నెల రోజులు లేదు. చట్రాలు కట్టేవాడు నాలుగు చట్రాలు కురచ చేశాడు. అచ్చువాడు నా పేరులో 'మ' మింగేశాడు. హాలువాళ్లు మేకులు కొట్టవద్దంటున్నారు, మేకులు లేకుండా బొమ్మలు గాలిలో నిలబడతాయేమో వాళ్లనే అడగాలి. ఇంతమంది ఒకేసారి నా ప్రాణం తోడుతుంటే నువ్వు పిల్లి వెంట పడమంటావు.

పిల్లి పట్టింది. చచ్చింది. నేను గీశాను. ఇంకేం కావాలి నీకు? నాయన గడియ చూసేవాడంటే అది ఆయన అలవాటు. ముసలివాళ్లందరూ చూస్తారు.

బొమ్మ పంపు.

బాషా


ప్రొద్దుటూరు,
22-2-1958

బాషాకు,

పంపాను. ఆదినారాయణ మామ రంగుడబ్బాలు కొనడానికి మద్రాసు వస్తున్నాడు. ఆయన చేతికిచ్చి ఎర్రగుంట్లలో రైలెక్కించి వచ్చాను. రెండు దుప్పట్లు, మూలలకు దూది, పైన గోనె. నువ్వు చెప్పినట్టే. దుప్పట్లు నావి, తిప్పి పంపు.

నాయనను ముసలివాడన్నావు. సుబేదారు చచ్చిననాటికి ఆయనకు నలభై మూడు. నీకిప్పుడు ముప్పై అయిదు.

గోనె విప్పాక పట్టపగలు వెలుతురులో పెట్టి బాగా చూడు. చూశాక కోపం వస్తే నాకు రాయి. ఏం చేసే ముందైనా నాకు రాసి, నా జవాబు వచ్చాకే చెయ్యి. ఇది నిన్ను అడుక్కోవడం కాదు, చెప్పడం.

అత్త కాలు బెణికి మంచం పట్టిందట, నేను పులివెందుల పోతున్నాను. ఎన్నాళ్లో తెలియదు.

హజరా


మద్రాసు,
1-3-1958

అక్కా,

నా నోటికి ఏం మాటలు వస్తున్నాయో కాగితం మీద పెట్టకూడదు కాబట్టి పెట్టడం లేదు.

ఎవరు చేశారు ఈ పని? మెడమీద ఎర్రగీత! ఇటు అంచు నుంచి అటు అంచు దాకా, పిట్ట గొంతు మీదుగా, బజారు సరుకు ఎర్రరంగు! ఈ మెడ ఈకల కోసం నేను రెండు రోజులు ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఒక్క వెంట్రుకంత కుంచెతో ఒక్కొక్క ఈక. దానిమీద ఎవరో పుల్లతో బర్రున గీసి పారేశారు. అత్తే కదూ? తల తెగిన బొమ్మకు ప్రాణం లేనట్టే, గోడకు తగిలించినా దోషం లేదు, అదేగా ఆమె లెక్క? ఇందుకేనా ముందు గదిలో పెట్టుకుంది? నేనొక మూర్ఖుణ్ణి, కళకు కరిగిందని అచ్చు కూడా వేయించాను. నీకు తెలిసీ నాకు ఒక్క ముక్క రాయలేదు. బాగా చూడు, కళ్లు తెరిచి చూడు అని వేళాకోళం చేశావు.

ఇంకొక వింత విను. నిన్న ఇద్దరు పత్రికవాళ్లు వచ్చారు. వాళ్లు పిట్టను చూడలేదు, ఈకలు చూడలేదు. ఆ గీత ముందు నిలబడి, "అప్పుడే మీకు ఈ ధైర్యం ఉందన్నమాట" అని తలలూపారు! నా చేతిది కాని ఒకే ఒక్క గీతను మెచ్చుకొని పోయారు. గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

వచ్చే శనివారం ఫోటో తీసేవాడు వస్తాడు. ఆ ముందురోజు, శుక్రవారం, నేనే కూర్చొని ఆ గీతను టర్పెంటైనుతో తుడిచేస్తాను. కింద ఈకలకు దెబ్బ తగలకుండా తీయడం నాకు చేతనవును. మీ ఇద్దరికీ సలాం.

బాషా


ప్రొద్దుటూరు,
7-3-1958, శుక్రవారం

బాషా,

నీ ఉత్తరం నాలుగు రోజులు నా ఇంటి గూట్లో పడి ఉంది. ఈ పొద్దు పదిన్నరకు పులివెందుల నుంచి దిగి విప్పాను. చెప్పులు కూడా వేసుకోకుండా తంతి ఆఫీసుకు పోయి "తుడవద్దు" అని తంతి ఇచ్చాను. అందిందో లేదో, అందేటప్పటికి ఏం మిగిలిందో దేవునికి తెలియాలి. అందకముందే తుడిచేసి ఉంటే మాత్రం ఈ ఉత్తరం చదివి, నువ్వు ఏం తుడిచావో తెలుసుకో.

ఆ గీత అత్త గీసింది కాదు. నాయన గీసింది.

ఆయన పోయే ముందు ఏడు, 1946లో, దగ్గు ఎక్కువై వైద్యానికి నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి నీ బొమ్మను నేను పెట్టె అడుగున బోర్లా పెట్టి ఆరేళ్లు. నా తలకు చుట్టిన తప్పును బొమ్మ గీసి నా పెళ్లికే కానుకిచ్చావు, దాన్ని ఏ గోడకు పెట్టుకోను? ఆ రోజు దుప్పటి కోసం పెట్టె దులుపుతుంటే నాయన కంటబడింది. ఆయన అదివరకు దాన్ని చూడలేదు. చచ్చిన పిట్టను కూడా చూడలేదు, పూడ్చి వస్తానని నువ్వే పట్టుకుపోయావు కదా.

కిటికీ దగ్గర పెట్టుకొని చూశాడు. నేను జొన్నలు చెరిగి, దంచి, సంకటి దింపేదాకా చూస్తూనే ఉన్నాడు. తరువాత నన్ను పిలిచాడు.

"ఇది పిల్లి పట్టిన పిట్ట కాదు మ్మా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. బొమ్మ మీద వేలు పెట్టి చూపించాడు. "పిల్లి పడితే ఈడ పన్ను దిగుతాది. ఈకలు పెరుకుతాది. ఒక్క ఈక చెదర్ల్యా, సూడు. మెడ ఎట్ల తిరిగిందో సూడు. ఇది చేత్తో తిప్పిన మెడ. నా కొడుకు ఉండేది ఉన్నట్టు గీసినాడు. శానా బాగా గీసినాడు."

అంతేరా. నువ్వు ఎంత నిజంగా గీశావంటే, ముప్పై ఏళ్లు పిట్టలను పట్టిన మనిషికి చదువు రాకపోయినా అక్షరం పొల్లు పోకుండా చదువుకున్నాడు. నీకు గీత రాదన్నవానికి నాయన ఎప్పుడో జవాబు చెప్పేశాడు. నువ్వే వినలేదు.

తరువాత బొమ్మలో ఆ మెడను వేలితో నిమిరాడు. "బిస్మిల్లా లేకుండా పోయింది మ్మా, నా సుబేదారు" అన్నాడు. అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. మన ఇంటికి ఆరేళ్లు కూర పెట్టినదానికి కత్తి కూడా దక్కలేదని. ఆయన ఆఖరి రోజుల్లో దూది మిల్లులో బేళ్ల మీద ఎర్రరంగుతో మార్కా వేసే పని చేశాడు కదా, ఆ డబ్బా ఆయన సంచిలోనే ఉండేది. చేతులు కడుక్కొని, పడమర తట్టు తిరిగి కూర్చొని, బొమ్మను ఒళ్లో పెట్టుకొని, గట్టిగా బిస్మిల్లా అని ఒక్క గీత గీశాడు. దగ్గుతో ఒళ్లంతా ఊగే మనిషికి చెయ్యి మాత్రం వణకలేదు. నువ్వు బర్రున గీసి పారేశారన్న గీత అదీ.

ఆ పూట సంకటి తిన్నాడు. పడుకునే ముందు నేను తలుపు వేయడానికి లేస్తే అలవాటుగా ఆయన కూడా లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. "నువ్వే ఎయ్ మ్మా" అన్నాడు. నేను గడియ వేశాను. ఆయన లేచి చూడలేదు. ఆ మాట కోసం ఆరేళ్లు ఎదురుచూశాను బాషా. గడియ పట్టుకొని అక్కడే నిలబడి ఏడ్చాను.

నీకు రాస్తానంటే వద్దన్నాడు. "వాడే చెప్పాల. మనం అడిగి చెప్పిస్తే అది చెప్పినట్టు గాదు" అన్నాడు. ఆయన పోయాక కూడా పదకొండేళ్లు ఆ మాట నిలబెట్టాను. ఈ రెండు నెలల్లో రెండుసార్లు అడిగి తప్పాను, నువ్వు పిల్లి పిల్లి అని రెండుసార్లూ అన్నావు. ఆయన చేతి గుర్తు ఈ భూమి మీద అదొక్కటే. అత్త దాన్ని గోడకు పెట్టుకున్నది అందుకు. నేను నీకు పంపడానికి అంత వెనకాడింది అందుకు.

ఇంక రాయలేను.

హజరా


మద్రాసు,
12-3-1958

అక్కా,

నీ తంతి శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు అందింది. తంతి మనిషి తలుపు తట్టేటప్పటికి నేను తుడుస్తున్నాను. సగం పోయింది.

కుడి అంచు నుంచి మొదలుపెట్టి గొంతు మధ్య దాకా వచ్చాను. దూదిని టర్పెంటైనులో ముంచి, రుద్ది, ఎర్రబడ్డదాన్ని పారేసి మళ్లీ కొత్త దూది. దూదితో నాయన గీతను తుడిచానక్కా. "తుడవద్దు" అన్న ఒక్క మాట చూసి, ఎందుకో తెలియక, నీ మీద పళ్లు నూరుకుంటూ ఆపాను. ఫోటోవాణ్ణి రావద్దని చెప్పాను. సోమవారం నీ ఉత్తరం వచ్చింది. చదివి ఆ రోజంతా గదిలోంచి బయటికి రాలేదు.

నువ్వు అడిగినప్పుడు చెప్పలేదు. ఇప్పుడు నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నాను.

పిల్లి లేదు. నువ్వు పంజరం మూశావు, కొక్కెం కూడా పెట్టావు. నేనే తీశాను. బొమ్మ గీయడానికి కదలని పిట్ట కావాలి. నాయన తెచ్చేవి కోసినవి, మెడ నిండా నెత్తురు, ఈకలు అంటుకుపోయి ఉంటాయి. నాకు చెదరని మెడ ఈకలు కావాలి. పదిహేడేళ్లు, ఈకలు తప్ప ఇంకేమీ కనబడలేదు. సుబేదారు నన్ను చూసి బెదరలేదు, అక్కా. నా చేతిలోకి తానే వచ్చింది. గింజలు పెడతాననుకుంది.

నాయన పెద్ద అడుగులతో వస్తున్నప్పుడు నోటికి పిల్లి అన్న మాట వచ్చింది, ఆ వెంటనే నీ పేరు వచ్చింది. మరునాడు చెబుదామనుకున్నాను. నీ పెళ్లి అయ్యాక చెబుదామనుకున్నాను. బొమ్మ నీకిచ్చింది అందుకే, మాటకు బదులు బొమ్మ ఇచ్చి తప్పించుకోవచ్చనుకున్నాను. తరువాత ఎంతమందికి చెప్పానంటే పిల్లి నిజంగానే వచ్చినట్టు నాకే కనబడేది. దాని రంగు కూడా చెప్పగలిగేవాణ్ణి. ఆ తరువాత ప్రాణమున్నదాన్ని దేన్నీ గీయలేదు. చేతకాక కాదు. గీయడానికి కూర్చుంటే వేళ్లలో ఆ మెడ తగులుతుంది. వాళ్లందరూ దాన్ని నా కొత్త దారి అంటారు.

ఇక గీత సంగతి. సగం కోసి చెయ్యి తీయకూడదని నువ్వే గుర్తుచేశావు. పట్టినవాడే ముగించాలనీ రాశావు. ఆ పిట్టను పట్టింది నేను.

నిన్న ఉదయం స్నానం చేసి కూర్చున్నాను. నా దగ్గర ఏడు రకాల ఎరుపులున్నాయి, ఏదీ నాయన ఎరుపు కాదు. ఉన్నదాంట్లో దగ్గరిది తీసుకున్నాను. ఎన్నేళ్లుగానో నోటికి రాని మాట, గట్టిగా అన్నాను. గొంతు మధ్య నాయన గీత ఆగిన చోట కుంచె పెట్టి అంచు దాకా గీశాను. ఆయన చెయ్యి వణకలేదన్నావు. నాది వణికింది. అతుకు బాగా కనబడుతోంది. సరిచేయలేదు.

ప్రదర్శన పుస్తకంలో ఆ చిత్రం దగ్గర అత్త మీద రాసిన వాక్యం కొట్టేయించాను. "పిట్ట: కమాల్ బాషా. గీత: పీర్ సాహెబ్, దూది ఏకువారు, జమ్మలమడుగు" అని వేరే చీటీ అచ్చు వేయించి ప్రతి పుస్తకంలోనూ అంటిస్తున్నాం. అచ్చువాడు ఇదెవరు అన్నాడు. మా నాయన అన్నాను. వారపత్రికకు కూడా పిల్లి లేదని, అక్క తలుపు మూసిందని రాసి పంపాను. వేస్తారో లేదో.

నన్ను క్షమించమని అడిగే మొహం లేదు.

బాషా


ప్రొద్దుటూరు,
2-4-1958

తమ్ముడు బాషాకు, అక్క హజరా సలాం, దువా.

పత్రికలో వేశారు. నాలుగో పేజీలో, జుట్టు నూనె ప్రకటన కింద, చీమలంత అక్షరాలతో. అబద్ధానికి అర పేజీ ఇచ్చారు, నిజానికి ఆరు లైన్లు. శ్యామలమ్మ టీచరుకు కళ్లద్దాలు పెట్టించి మరీ చదివించాను. ఇంక నా వెనకాల గడియ లాగి చూడటం లేదు.

రంజాన్ నెల కదా, అత్తను చూసి ఆ ఆరు లైన్లు చదివి వచ్చాను. మూడుసార్లు చదివించుకొని, "మా అన్న పేరు అచ్చేసినారు" అని ముసుగు నోటికి అడ్డం పెట్టుకుంది. సగం తుడిచావని చెప్పేసరికి మాత్రం నువ్వు ఇక్కడ లేకపోవడం నీ అదృష్టం. ఆ తరువాత మిగతాది నువ్వే గీశావని, ఆ మాట అని గీశావని చెప్పాను. అప్పుడు, "అయితే ఇప్పుడు పూర్తయింది" అంది. ఆమె అంతకంటే మెచ్చుకోగా నేను చూడలేదు.

నా మీద తప్పు వేసి పద్దెనిమిదేళ్లు ఊరుకున్నందుకు నిన్ను క్షమించానా అని నన్నే అడుగుతున్నాను. రోజుకొక రకంగా జవాబు వస్తోంది. ఒక రోజు గరిటె తీసుకొని కొట్టాలనిపిస్తుంది. ఒక రోజు పదిహేడేళ్ల నిన్ను ఆ షెడ్డులో ఒంటరిగా, ఆ పిట్టతో ఊహించుకుంటాను. ఉత్తరంలో తేలేది కాదిది.

బొమ్మను ఎవరు ఎంతకు అడిగినా ఇచ్చేది లేదు, అది నీది కాదు, నా పెళ్లి కానుక. రైలు పార్సెలులో వేయకు. ఆదినారాయణ మామ చేతికి ఇవ్వకు. నువ్వే మోసుకొని రా. ఎర్రగుంట్లలో దిగి, మా ఇంట్లో ఒక రోజు ఉండి, పులివెందులకు ఇద్దరం కలిసి పోయి ఆ గోడకు పెట్టి వద్దాం. నా రెండు దుప్పట్లు కూడా తేవడం మర్చిపోకు, ఇది రెండోసారి రాయడం.

నువ్వు వచ్చిన పూట తలుపు నేనే వేస్తాను. నువ్వు పడుకొని చూస్తూ ఉండు. వేసి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తాను.

అక్క,
హజరాబీ